లోడింగ్ చక్రం తిరుగుతూ ఉంటే గిరాకీ నిలవదు: వ్యాపార వెబ్‌సైట్ల వేగంపై మీ ప్రశ్నలు, మా జవాబులు

ఆన్‌లైన్‌లో అమ్మకాలు సాగిస్తున్న చిన్న వ్యాపారుల నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ వాటిది ఒకటే మొర: సైట్ అయితే ఉంది, తెరుచుకోవడమే గగనమవుతోంది. వాటిలో నలుగురికీ పనికొచ్చేవి ఏరి జవాబులు ఇస్తున్నాం. రాసినవారి ఊరు, వ్యాపారం మాత్రమే వేస్తున్నాం.

ప్రశ్న: మాది చేనేత చీరల షాపు. వర్డ్‌ప్రెస్‌లో సైట్ పెట్టి ఏడాదైంది. ఫోన్‌లో హోమ్ పేజీ రావడానికి అర నిమిషం పడుతోంది. "లింకులెందుకండీ, వాట్సాప్‌లో ఫొటోలు పెట్టేయండి" అంటున్నారు కస్టమర్లు. సైట్ చేసిపెట్టిన అబ్బాయేమో హోస్టింగ్ మార్చాలి, ఏడాదికి 18 వేలు అవుతుంది అంటున్నాడు. మార్చమంటారా?
— చీరల వ్యాపారి, మంగళగిరి

జవాబు: ఇప్పుడే మార్చకండి. హోస్టింగ్ అంటే మీ సైట్ ఉండే అద్దె సర్వర్. తప్పు హోస్టింగ్‌దో కాదో ఐదు నిమిషాల్లో తేలిపోతుంది. కంప్యూటర్‌లో క్రోమ్ తెరిచి, మీ పేజీ మీద ఎఫ్12 నొక్కండి. 'నెట్‌వర్క్' ట్యాబ్‌లోకి వెళ్లి 'డిజేబుల్ క్యాచీ' (ముందే దాచిపెట్టిన కాపీ వాడొద్దు అని) దగ్గర టిక్కు పెట్టి పేజీని మళ్లీ లోడ్ చేయండి. జాబితాలో మొట్టమొదటి వరుస మీ పేజీదే. దాని మీద నొక్కి 'టైమింగ్'లో చూస్తే సర్వర్ జవాబు కోసం ఎంతసేపు ఆగాల్సి వచ్చిందో ఉంటుంది. అది 0.8 సెకన్ల లోపు ఉంటే హోస్టింగ్‌ను అనాల్సిన పని లేదు. ఆ తర్వాత 'సైజ్' అన్న తలకట్టు మీద నొక్కండి, బరువైన ఫైళ్లు పైకి వస్తాయి. చీరల సైట్లలో ఆ పైవరసల్లో ఉండేవి దాదాపు ఎప్పుడూ ఫొటోలే.

12 మెగాపిక్సెళ్ల ఫోన్‌తో తీసిన ఫొటో 4000 x 3000 పిక్సెళ్లు ఉంటుంది, 3 నుంచి 5 ఎంబీ తూగుతుంది. చూసేవాళ్ల ఫోన్ తెర అడ్డంగా 1080 పిక్సెళ్లు. అలాంటి ఫొటోలు పది హోమ్ పేజీలో ఉంటే 40 ఎంబీ. సెకనుకు 8 మెగాబిట్లు వచ్చే సిగ్నల్ మీద అది దిగడానికి 40 సెకన్లు పడుతుంది. పేజీలో చిన్న డబ్బాలో కనిపిస్తోంది కదా అనుకోకండి. డబ్బా చిన్నదైనా దిగేది మొత్తం ఫైలే. వర్డ్‌ప్రెస్ ప్రతి ఫొటోకూ చిన్న సైజులు తనంతట తానే తయారు చేసి పెడుతుంది గానీ, చాలా థీమ్‌లలో, పేజీ బిల్డర్లలో ఫొటో పెట్టేటప్పుడు 'ఫుల్' అని ఎంచుకోవడం వల్ల అవి వాడకంలోకి రావు. ముందు ఆ సెట్టింగ్ చూడండి.

కొలతలు ఇలా పెట్టుకోండి. జాబితాలో కనిపించే ఫొటో వెడల్పు 500 నుంచి 600 పిక్సెళ్లు, 50 కేబీ లోపు. చీర పేజీలో పెద్ద ఫొటో 1200 పిక్సెళ్లు, 150 కేబీ అటూ ఇటూ. దగ్గరగా చూసేందుకు 2000 పిక్సెళ్ల ఫొటో ఒకటి వేరే ఉంచి, వేలితో నొక్కినప్పుడు మాత్రమే దిగేలా పెట్టించండి. స్క్వూష్ అనే ఉచిత సైట్లో ఫొటో వేసి, వెడల్పు తగ్గించి, వెబ్‌పీ ఫార్మాట్‌లో క్వాలిటీ 75 దగ్గర మొదలుపెట్టండి. అసలు ఫొటో, కుదించింది పక్కపక్కనే చూపిస్తుంది కాబట్టి ఎక్కడ చెడుతోందో కంటికే తెలుస్తుంది.

చీరల దగ్గర మాత్రం ఒక మెలిక ఉంది. మామూలు వెబ్‌పీ రంగుల వివరాన్ని అడ్డంగా సగానికి, నిలువుగా సగానికి తగ్గించి దాస్తుంది. మనిషి ముఖానికో, గోడకో అది తేడా తెలియదు. ముదురు ఎరుపు మీద సన్నటి జరీ గీత, రాణీ రంగు అంచు మీద నిజాం బార్డర్ కోణాలు ఉన్నచోట మాత్రం రంగు పక్కకు కారినట్టు మసకబారుతుంది. స్క్వూష్‌లో వెబ్‌పీ అడ్వాన్స్‌డ్ సెట్టింగుల్లో 'షార్ప్' అని మొదలయ్యే రంగుల ఆప్షన్ ఆన్ చేస్తే చాలావరకు సర్దుకుంటుంది. అప్పటికీ కుదరకపోతే ఆ అంచు క్లోజప్‌లను ఏవిఫ్ ఫార్మాట్‌లో, రంగులు తగ్గించకుండా 4:4:4 పెట్టి దాచండి.

రంగు సంగతి మరొకటి. ఐఫోన్ ఫొటోల్లో డిస్‌ప్లే పీ3 అనే రంగుల కొలత ఉంటుంది. కొన్ని కుదింపు ప్లగిన్లు బరువు తగ్గించే తొందరలో ఆ సమాచారాన్ని చెరిపేస్తాయి, రంగుల్ని మాత్రం అందుకు తగ్గట్టు మార్చవు. దాంతో చిలకాకుపచ్చ కాస్తా వెలిసినట్టు కనిపిస్తుంది. "ఫొటోలో ఒక రంగు, వచ్చింది ఒక రంగు" అనే వాపసుల్లో కొన్నిటికి ఇదే మూలం. ముందు వెబ్‌లో మామూలుగా వాడే ఎస్‌ఆర్‌జీబీ రంగుల కొలతకు మార్చి, ఆ తర్వాతే అదనపు సమాచారం తీసేయండి. తీసేయడం మాత్రం తప్పనిసరి. ఇంట్లో తీసిన ఫొటోల్లో మీ ఇల్లు ఎక్కడుందో చెప్పే లొకేషన్ కూడా దాగి ఉండొచ్చు.

ఇక పైన తిరిగే స్లైడర్ తీసేయండి. ఐదు బ్యానర్లు పెడితే ఐదూ దిగుతాయి, మొదటిదాన్ని దాటి చూసేవారు అరుదు. ఒక్క ఫొటో చాలు. ఆ మొదటి ఫొటోకి 'లేజీ లోడింగ్' (తెర మీదికి వచ్చేదాకా దించకుండా ఆపడం) ఉండకూడదు, 'ఫెచ్ ప్రయారిటీ' హై (దీన్ని ముందు దించు) అని ఉండాలి. కింద ఉన్నవాటికి లేజీ ఉండాలి. వర్డ్‌ప్రెస్ 6.3 నుంచి ఈ పని తనే చూసుకుంటోంది కానీ స్లైడర్లూ, కొన్ని ప్లగిన్లూ అన్ని ఫొటోలకూ కలిపి లేజీ తగిలించి, అందరికంటే ముందు రావాల్సిన దాన్నే ఆపి కూర్చోబెడతాయి. ప్రతి ఫొటోకీ విడ్త్, హైట్ రాసి ఉండాలని కూడా చెప్పండి. అవి లేకపోతే ఫొటో దిగేవరకు దాని చోటు ఎంతో బ్రౌజర్‌కు తెలియదు. చీర మీద నొక్కబోతే పేజీ జరిగి పక్కదాని మీద పడేది అందుకే.

ఇంత చేశాక కూడా ఆ మొదటి వరుస 0.8 సెకన్లు దాటుతుంటే, అప్పుడు హోస్టింగ్ గురించి మాట్లాడుకోవచ్చు.

ప్రశ్న: పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్‌లో మా సైట్‌కు మొబైల్‌లో 38, డెస్క్‌టాప్‌లో 92 వస్తోంది. ఒక ఏజెన్సీ వాళ్లు రెండు రోజుల్లో 95 దాటిస్తామంటున్నారు. నమ్మొచ్చా?
— ఫర్నిచర్ షోరూమ్, వరంగల్

జవాబు: 95 చూపించగలరు, అందులో సందేహం లేదు. మీ కస్టమర్‌కు వేగం పెరుగుతుందా అన్నదే ప్రశ్న.

పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్ అంటే సైట్ వేగానికి వందకు మార్కులు వేసే గూగుల్ పరీక్ష. ఆ పేజీలో రెండు భాగాలున్నాయి. కింద పెద్ద గుండ్రంలో కనిపించే అంకె ప్రయోగశాల లెక్క. సెకనుకు 1.6 మెగాబిట్ల నెట్, మధ్యరకం ఆండ్రాయిడ్ ఫోన్ ఉన్నట్టు ఊహించుకుని వేసే మార్కు. పొద్దున 38 వచ్చింది సాయంత్రం 45 రావచ్చు, మీరేమీ చేయకపోయినా. పైభాగంలో ఉండేది గత 28 రోజుల్లో క్రోమ్ వాడిన అసలు మనుషులకు ఎదురైన అనుభవం. గూగుల్ లెక్కలోకి తీసుకునేది పైదే. మూడు కొలతలు గుర్తుంచుకుంటే చాలు. పేజీలో పెద్ద బొమ్మో పెద్ద వాక్యమో కనిపించడానికి పట్టే సమయం, అంటే ఎల్‌సీపీ, 2.5 సెకన్ల లోపు. నొక్కినప్పుడు స్పందించడానికి పట్టేది, అంటే ఐఎన్‌పీ, 200 మిల్లీసెకన్ల లోపు. పేజీ ఎగుడుదిగుడుగా జరగడం, అంటే సీఎల్‌ఎస్, 0.1 లోపు. వచ్చినవారిలో నూటికి 75 మందికి ఈ లోపే ఉంటే పాస్. రాకపోకలు తక్కువ ఉన్న సైట్లకు పైభాగం ఖాళీగా ఉంటుంది, కంగారు పడనక్కర్లేదు.

మార్కులు పెంచే చిట్కా ఒకటి బాగా చలామణిలో ఉంది. పేజీలోని జావాస్క్రిప్ట్ (మెనూలు, బటన్లు పనిచేయించే కోడ్) మొత్తాన్ని కస్టమర్ తెరను తాకేవరకు ఆపి ఉంచడం. పరీక్ష పెట్టే యంత్రం తెరను తాకదు కాబట్టి దానికి పేజీ దూదిపింజలా తోస్తుంది, మార్కు ఎగబాకుతుంది. అసలు మనిషి వచ్చి మెనూ మీద వేలు పెట్టగానే ఆపి ఉంచినదంతా ఒక్కసారిగా మీద పడుతుంది. మెనూ తెరుచుకోదు, ఇంకోసారి నొక్కుతాడు, తెరుచుకుని వెంటనే మూసుకుపోతుంది. 2024 మార్చిలో గూగుల్ ఐఎన్‌పీని ప్రధాన కొలతల్లో చేర్చాక ఈ మాయ నెల తిరిగేలోపు పైభాగంలో బయటపడిపోతోంది. కాబట్టి ఏజెన్సీతో ఒప్పందంలో మార్కు రాసుకోకండి. "మొబైల్‌లో మూడు కొలతలూ పాస్ కావాలి, సెర్చ్ కన్సోల్‌లో (సైట్ యజమానులకు గూగుల్ ఇచ్చే నివేదికల పేజీ) చూపించాలి, డబ్బులో కొంత 28 రోజుల తర్వాత" అని రాసుకోండి. ఒప్పుకోనివారితో పని లేదు.

ఈలోగా మీరే చేయగల పరీక్ష: ఇంట్లో మూడేళ్ల నాటి చవక ఆండ్రాయిడ్ ఫోన్ ఉంటే తీసి, వైఫై ఆపి, మొబైల్ డేటా మీద ఇన్‌కాగ్నిటోలో మీ సైట్ తెరవండి. ఒక సోఫా వెతికి కార్ట్‌లో వేసేదాకా వెళ్లండి. డెస్క్‌టాప్‌లో వచ్చిన ఆ 92ను మాత్రం మరచిపోండి.

ప్రశ్న: పచ్చళ్లు, పొడులు అమెరికాకు పంపుతాం. డాలస్, న్యూజెర్సీ కస్టమర్లు సైట్ నెమ్మది అంటున్నారు. మాకిక్కడ ఇన్‌కాగ్నిటోలో చూస్తే చకచకా వస్తోంది, అడ్మిన్‌గా లాగినై చూస్తే మాత్రం మాకూ నెమ్మదే. సర్వర్ ముంబైలో ఉంది. అమెరికాకు మార్చాలా?
— పచ్చళ్ల వ్యాపారి, గుంటూరు

జవాబు: రెండూ వేర్వేరు సంగతులు. అడ్మిన్‌గా లాగినైనవారికి క్యాచీలోని సిద్ధంగా ఉన్న పేజీ ఇవ్వరు, ప్రతిసారీ కొత్తగా వండి వడ్డిస్తారు. అందుకే యజమానికి తన సైట్ ఎప్పుడూ నెమ్మదిగానే కనిపిస్తుంది. దాన్ని చూసి బెంగ పడొద్దు.

న్యూజెర్సీది దూరం బాధ. ముంబై నుంచి అక్కడికి సుమారు 12,500 కిలోమీటర్లు. ఫైబర్‌లో కాంతి సెకనుకు 2 లక్షల కిలోమీటర్లే పోతుంది కాబట్టి పోయి రావడానికి 0.125 సెకన్ల కంటే తక్కువలో ఎవరి తరమూ కాదు. తీగలు తిన్నగా ఉండవు గనుక వాస్తవంలో 0.2 పైమాటే. పేజీలో మొదటి అక్షరం అందేలోపు ఇలాంటి రాకపోకలు కనీసం మూడు జరగాలి: కనెక్షన్ కలపడానికి ఒకటి, ఇతరులు చదవకుండా తాళం వేసుకోవడానికి ఒకటి, పేజీ అడగడానికి ఒకటి. అంటే సర్వర్ రెప్పపాటులో జవాబిచ్చినా 0.6 సెకన్లు దారిలోనే పోయాయి. మీ డొమైన్ మామూలు లింకు నుంచి సెక్యూర్ లింకుకు, అక్కడి నుంచి డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ ఉన్నదానికి రెండుసార్లు మళ్లిస్తుంటే ఇంకా కలుపుకోండి. ఆ మళ్లింపులను ఒక్కటిగా చేయించడం పైసా ఖర్చు లేని పని.

సర్వర్ మార్చే ముందు సీడీఎన్ పెట్టండి, అంటే మీ సైట్ నకళ్లను పలు దేశాల్లోని సర్వర్లలో దాచి కస్టమర్‌కు దగ్గర్లోంచి ఇచ్చే సేవ. క్లౌడ్‌ఫ్లేర్ ఉచిత ప్లాన్‌తో మొదలుపెట్టొచ్చు. అయితే అది తనంతట తాను దాచుకునేది ఫొటోలు, స్టైల్ ఫైళ్లు, స్క్రిప్టులే. పేజీని దాచుకోదు, ప్రతిసారీ ముంబైకే పరుగెడుతుంది. చాలామంది సీడీఎన్ పెట్టినా తేడా లేదని వాపోయేది ఇక్కడే. హోమ్, కేటగిరీ, ప్రొడక్ట్ పేజీలను కూడా దాచమని క్యాచీ రూల్ రాయాలి. కార్ట్, చెక్అవుట్, మై అకౌంట్ పేజీలను, కార్ట్‌లో ఏదైనా వేసుకుని కుకీ (సైట్ బ్రౌజర్‌లో పెట్టే చిన్న గుర్తు) ఉన్నవారిని ఆ రూల్ నుంచి తప్పించాలి. తప్పించకపోతే ఒకరి కార్ట్ ఇంకొకరికి కనిపించే ప్రమాదముంది. పేరు, చిరునామాతో సహా.

మీకు ఇంకో చిక్కు ఉంది. రూపాయలు, డాలర్లు రెండూ చూపిస్తుంటే, గుంటూరులో ఎవరో తెరిచిన రూపాయల పేజీ దాచబడి డాలస్ వారికి అదే వెళ్తుంది. 350 అన్న అంకె పక్కన గుర్తు మారితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. అమెరికాకు వేరే చిరునామా పెట్టడమే మా సలహా, డొమైన్ వెనక యూఎస్ అని చిన్న విభాగంలా. క్యాచీకి రెండూ వేర్వేరు పేజీలు అవుతాయి, గొడవ ఉండదు.

కార్ట్, చెక్అవుట్ మాత్రం ముంబై నుంచే వస్తాయి. అమ్మకాల్లో సగానికి పైగా అమెరికావే అయితే అప్పుడు సర్వర్‌ను అక్కడికి మార్చి, ఇక్కడివారికి సీడీఎన్ పెట్టుకోవడం న్యాయం. అలాగే, కొరియర్ ఛార్జీ కిలోకు ఇంత అన్నది పచ్చడి పేజీలోనే కనిపించేలా చూడండి. చెక్అవుట్ చివర్లో తెలిస్తే చాలామంది అక్కడే వెనక్కి వెళ్తారు. మీరు దాన్ని నెమ్మదితనం ఖాతాలో వేసుకుంటారు.

ప్రశ్న: తెలుగు పుస్తకాల సైట్ మాది. పేజీ తెరవగానే కాసేపు అక్షరాలు ఉండవు, తర్వాత ఒక్కసారిగా వచ్చి అంతా కిందికి జరుగుతుంది. బటన్ల మీద ఒత్తులు సగం కోసుకుపోతున్నాయి.
— పుస్తక విక్రేత, రాజమహేంద్రవరం

జవాబు: తెలుగు ఫాంట్ ఫైలు ఇంగ్లీష్ దానికి కొన్ని రెట్లు బరువు. అక్షరాలే కాదు, గుణింతాలు, ఒత్తులు కలిసినప్పటి రూపాలన్నీ అందులో ఉండాలి. రెగ్యులర్, బోల్డ్, శీర్షికలకు ఇంకో అలంకార ఫాంట్ అని మూడు పెట్టుకుంటే మోత ఎక్కువే. నిజానికి ఆండ్రాయిడ్‌లో నోటో తెలుగు, విండోస్‌లో నిర్మలా యూఐ ఉండనే ఉన్నాయి, ఐఫోన్‌కు దాని తెలుగు ఫాంట్ దానికుంది. పుస్తక పరిచయాలు, ధరలు, బటన్లు అన్నీ ఫోన్‌లో ఉన్న ఫాంట్‌కే వదిలేసి, సైట్ పేరుకో శీర్షికలకో రామభద్ర, మండలి వంటిది ఒక్కటే దించుకుంటే సగం బాధ పోతుంది. దించుకునేది వోఫ్2 ఫార్మాట్‌లో ఉండాలి, 'ఫాంట్ డిస్‌ప్లే' స్వాప్ అని ఉండాలి. అప్పుడు కొత్త ఫాంట్ వచ్చేవరకు ఫోన్‌లో ఉన్న ఫాంట్‌తో అక్షరాలు కనిపిస్తాయి, ఖాళీ ఉండదు. ఫాంట్ మారినప్పటి కుదుపు పూర్తిగా పోదు. 'సైజ్ అడ్జస్ట్' అనే సీఎస్‌ఎస్ సెట్టింగ్‌తో రెండు ఫాంట్ల కొలతలు దగ్గర చేయించవచ్చు.

బరువు తగ్గించాలని ఫాంట్‌లోంచి వాడని అక్షరాలు తీసేసే పని తెలియనివారి చేత చేయించకండి. లెక్కకు అక్షరం ఉంటుంది, అక్షరాలు కలిసే నియమం పోతుంది. 'స్త్రీ' కాస్తా స్, త్, రీ అని విడివిడిగా నిలబడుతుంది.

ఒత్తులు తెగేది ఇంగ్లీష్ కోసం చేసిన థీమ్ వల్ల. వాటిలో లైన్ హైట్ (వరుస ఎత్తు) 1.2 ఉంటుంది, తెలుగుకు 1.6 నుంచి 1.8 ఉండాలి. బటన్‌కు ఎత్తు 36 పిక్సెళ్లు అని బిగించి ఉంటే ఆ ఎత్తు తీసేసి పైనా కిందా ప్యాడింగ్ (లోపలి ఖాళీ) ఇవ్వమనండి. లెటర్ స్పేసింగ్ సున్నా చేయండి. శీర్షికలకు అక్షరాల మధ్య ఖాళీ పెట్టడం ఇంగ్లీష్ పెద్ద అక్షరాలకు అందమేమో, తెలుగులో మాట చెదిరిపోతుంది. బోల్డ్ ఫైలు లేని ఫాంట్‌ను బోల్డ్ చేసినా అంతే. బ్రౌజర్ తనే లావు చేయబోయి 'ఖ', 'ఘ'ల లోపలి సందులు పూడ్చేస్తుంది.

ఒకవేళ పుస్తకాల వివరాలు 'అను' అనే డీటీపీ ఫాంట్లలో టైప్ చేసి బొమ్మలుగా పెట్టి ఉంటే, అవి ఫోన్లన్నీ చదవగలిగే యూనికోడ్‌లోకి మార్చి అక్షరాలుగా పెట్టండి. అక్షరాల బరువు నామమాత్రం, పైగా గూగుల్‌లో దొరుకుతాయి.

ప్రశ్న: కార్ట్‌లో వేస్తున్నారు, డబ్బు కట్టేముందు వెళ్లిపోతున్నారు. పేజీ వేగం బాగానే ఉంది. కొందరు ఫోన్ చేసి "అడ్రస్ తీసుకోవట్లేదు" అంటున్నారు.
— వంటపాత్రల దుకాణం, కరీంనగర్

జవాబు: ఆ మాట అక్షరాలా నిజమై ఉంటుంది. మీ ఫారంలో మీరే 4-56/2 అని డోర్ నంబర్ కొట్టి చూడండి. ఎక్కడో తయారైన చాలా ఫారాలు చిరునామాలో గీతలు, చుక్కలు ఒప్పుకోవు. పేరు దగ్గర 'కె. లక్ష్మి' అంటే చుక్క కుదరదంటాయి. లాస్ట్ నేమ్ లేకుండా ముందుకు పోనివ్వవు, మనవాళ్లకేమో ఇంటి పేరు ముందుంటుంది, కొందరు అసలు రాయరు. 'పూర్తి పేరు' అని ఒకే గడి పెట్టండి. డోర్ నంబర్, వీధి ఒక గడి, 'దగ్గర్లో గుర్తు' ఇంకో గడి. "పోచమ్మ గుడి ఎదురుగా" అని రాయడానికి చోటు లేకపోతే కొరియర్ అబ్బాయి ఎలాగూ ఫోన్ చేస్తాడు.

జిల్లా అడగకండి. చాలా ఫారాల్లో జిల్లాల జాబితా పాతబడి ఉంటుంది, తన జిల్లా కనిపించక కస్టమర్ ఆగిపోతాడు. పిన్‌కోడ్ ముందు అడిగి ఊరు, రాష్ట్రం నింపేయండి, దిద్దుకునే వీలు ఉంచండి. తెలంగాణ పిన్‌లు 50తో, ఆంధ్రప్రదేశ్‌వి 51 నుంచి 53తో మొదలవుతాయి కాబట్టి రాష్ట్రం చాలావరకు పొరపాటు పడదు.

ఫోన్ నంబర్, పిన్‌కోడ్, ఓటీపీ గడుల్లో వేలు పెడితే అంకెల కీబోర్డే రావాలి. మెసేజ్‌లోని ఓటీపీ ఒక్క నొక్కుతో పడేలా ఆ గడికి 'వన్ టైమ్ కోడ్' అనే ఆటోకంప్లీట్ గుర్తు ఉండాలి. గడుల్లో అక్షరం సైజు 16 పిక్సెళ్లకు తగ్గితే ఐఫోన్ తెర తనంతట తాను పెద్దదై, 'ముందుకు' బటన్ కనుమరుగవుతుంది. బటన్లు 44 పిక్సెళ్లకు తగ్గకుండా ఉంటే బొటనవేలికి అందుతాయి. లాగిన్ అడ్డం పెట్టకండి, అకౌంట్ లేకుండానే కొననివ్వండి.

డబ్బు కట్టేచోట చూడాల్సినవి రెండు. ఫోన్‌లో కొంటున్నవారికి క్యూఆర్ కోడ్ చూపిస్తే తన ఫోన్‌ను తనే ఎలా స్కాన్ చేసుకుంటాడు? ఫోన్‌లో అయితే యూపీఐ యాప్ నేరుగా తెరుచుకోవాలి, క్యూఆర్ కంప్యూటర్ తెరకు. రెండోది మరీ ముఖ్యం. యాప్‌లో డబ్బు కట్టి బ్రౌజర్‌కు తిరిగి వచ్చేలోపు, మెమరీ తక్కువున్న ఫోన్లు మీ పేజీని మూసేస్తాయి. డబ్బు పోయింది, ఆర్డర్ లేదు. ఆర్డర్ ఖరారు కావడం కస్టమర్ తిరిగి రావడం మీద ఆధారపడకూడదు, పేమెంట్ గేట్‌వే మీ సర్వర్‌కు నేరుగా పంపే వెబ్‌హుక్ మీద నడవాలి. మీ డెవలపర్‌ను ఈ ఒక్క ప్రశ్న అడగండి. తడబడితే మీకు విషయం అర్థమైపోతుంది. 'చెల్లించండి' బటన్ ఒకసారి నొక్కగానే పనిచేయకుండా ఆగి, 'ఆగండి, జరుగుతోంది' అని కనిపించాలి. లేదంటే రెండు ఆర్డర్లు పడతాయి.

గిఫ్ట్ ప్యాకింగ్ 49 రూపాయలు అని ముందే టిక్కు పెట్టి ఉంచే అలవాటు ఉంటే తీసేయండి. ముందే టిక్కు పెట్టిన గడులను 2020 ఈ-కామర్స్ నిబంధనలు ఒప్పుకోవు. అడగకుండా కార్ట్‌లో వస్తువు చేర్చడం, చివర్లో ధర పెంచడం, 'ఇంకా రెండే ఉన్నాయి' అని అబద్ధపు తొందర పెట్టడం, ఇవన్నీ 2023 నవంబరులో కేంద్రం నిషేధించిన 13 డార్క్ ప్యాటర్న్‌లలో ఉన్నాయి.

ప్రశ్న: కస్టమర్ ఒక నగ తెరిచి చూసి, బ్యాక్ కొడితే జాబితా మళ్లీ మొదటికి వస్తోంది. ముప్ఫై నగలు కిందికి వెళ్లినవారు మళ్లీ వెళ్లరు కదా?
— వన్‌గ్రామ్ గోల్డ్ షాపు, మచిలీపట్నం

జవాబు: వెళ్లరు. బ్రౌజర్లకు వెనక్కి వచ్చినప్పుడు పేజీని ఉన్నదున్నట్టు తిరిగి చూపించే ఏర్పాటు ఉంది. దాన్ని చెడగొట్టేవి ప్రధానంగా రెండు: సర్వర్ 'నో స్టోర్' (దాచుకోవద్దు) అని పంపడం, ఏదో ప్లగిన్ పేజీ మూసేటప్పుడు నడిచే 'అన్‌లోడ్' కోడ్ పెట్టడం. క్రోమ్‌లో ఎఫ్12 నొక్కి, 'అప్లికేషన్' ట్యాబ్‌లో 'బ్యాక్ ఫార్వర్డ్ క్యాచీ' దగ్గర పరీక్ష నడిపితే కారణం అదే చెబుతుంది. కిందికి జరిపేకొద్దీ నగలు వచ్చే పద్ధతి మాని 'మరిన్ని చూపించు' బటన్ పెట్టండి, నొక్కినప్పుడల్లా చిరునామాలో పేజీ అంకె మారేలా. అడుగున ఉన్న మీ ఫోన్ నంబరు కూడా అప్పుడు జనానికి అందుతుంది.

ప్రశ్న: మా రిసార్ట్ సైట్‌లో వీడియో బ్యాక్‌గ్రౌండ్, మ్యాప్, ఇన్‌స్టాగ్రామ్ ఫీడ్, చాట్, వాట్సాప్ బటన్ ప్లగిన్ ఉన్నాయి. దేన్ని తీసేయాలి?
— రిసార్ట్ నిర్వాహకులు, అరకు

జవాబు: దాదాపు అన్నీ. ఘాట్ రోడ్డు మీద సిగ్నల్ వచ్చీపోయీ ఉన్నవాళ్లే గది ఉందో లేదో చూసేది. వీడియో బదులు ఒక మంచి ఫొటో, దాని మీద నొక్కితే వీడియో. మ్యాప్‌కు బదులు 'దారి చూపించు' అనే మామూలు లింకు, నొక్కితే మ్యాప్స్ యాప్ తెరుచుకుంటుంది. వాట్సాప్‌కు ప్లగిన్ ఎందుకు? డబ్ల్యూఏ డాట్ ఎంఈ లింకు వెనక 91తో మీ నంబరు పెడితే అదే పని చేస్తుంది. ఇన్‌స్టా ఫీడ్ తీసేసి లింకు ఇవ్వండి. చాట్‌కు జవాబిచ్చే మనిషి లేకపోతే అదీ వద్దు.

ప్రశ్న: ఏఎంపీ పేజీలు చేయించాలా?
— నర్సరీ, కడియం

జవాబు: వద్దు. ఏఎంపీ అంటే ఫోన్ల కోసం గూగుల్ తెచ్చిన తేలికపాటి పేజీల పద్ధతి. గూగుల్ టాప్ స్టోరీస్‌లో వార్తలు రావాలంటే అవి ఉండాలన్న షరతు కూడా 2021లోనే పోయింది. ఆ డబ్బుతో మొక్కల ఫొటోలు కుదించండి.

ప్రశ్న: దసరా ఆఫర్ అని వాట్సాప్‌లో పదివేల మందికి లింకు పంపాం. పది నిమిషాల్లో సైట్ పడిపోయింది. మామూలు రోజుల్లో ఏ ఇబ్బందీ లేదు.
— పిల్లల దుస్తుల దుకాణం, విజయవాడ

జవాబు: చవక హోస్టింగ్‌లో ఒకేసారి పని చేసే పీహెచ్‌పీ వర్కర్లు, అంటే సర్వర్‌లో పేజీలు వండే ప్రోగ్రాములు, కొద్దిమందే. నలుగురున్నారు, ఒక్కో చెక్అవుట్ పేజీకి ఒక సెకను పడుతుంది అనుకుంటే సెకనుకు నలుగురికే సేవ. పదివేల మందిలో నూటికి ఐదుగురు రెండు నిమిషాల్లో నొక్కినా 500 మంది. ఒక్కొక్కరూ క్యాచీలో లేని పేజీలు మూడు నాలుగు తెరిస్తే సెకనుకు పదిహేను దాకా వచ్చి పడతాయి. మిగతావారు వరుసలో నిలబడతారు, ఓపిక లేక రీఫ్రెష్ కొడతారు, వరుస ఇంకా పెరుగుతుంది.

మీ లింకు వెనక ఏముందో కూడా చూడండి. ఎవరు నొక్కారో తెలుసుకోవడానికి కొన్ని బ్రాడ్‌కాస్ట్ సాఫ్ట్‌వేర్‌లు ప్రతి నంబరుకూ వేరే కోడ్ తగిలిస్తాయి. చిరునామా మారింది కాబట్టి క్యాచీ దాన్ని కొత్త పేజీ అనుకుంటుంది, ప్రతి నొక్కుకూ సర్వర్ మొదట్నుంచీ వండాలి. ఆ కోడ్‌ను లెక్కచేయొద్దని క్యాచీ ప్లగిన్‌లో రాసే చోటు ఉంటుంది, అక్కడ దాని పేరు చేర్చండి. యూటీఎం, ఎఫ్‌బీసీఎల్ఐడీ వంటి పేరున్న కోడ్‌లను చాలా ప్లగిన్లు ముందే వదిలేస్తాయి, సొంతంగా పెట్టుకున్నవాటినే మనం చెప్పాలి. అన్నట్టు, క్యాచీ ప్లగిన్లు రెండు పెట్టి ఉంటే ఒకటి తీసేయండి, ఒకదాని పని ఒకటి చెడగొడుతుంది.

సంక్రాంతికి మెసేజ్‌ను వెయ్యి మందికి ఒక విడతగా, పావుగంట తేడాతో పంపండి. లింకును హోమ్ పేజీకి కాకుండా ఆఫర్ పేజీకే ఇవ్వండి, పంపేముందు ఆ పేజీని ఒకసారి ఇన్‌కాగ్నిటోలో తెరిస్తే క్యాచీలో సిద్ధమవుతుంది. ఆ వారానికి మాత్రం పెద్ద ప్లాన్‌కు మారి మళ్లీ దిగే వీలుందేమో హోస్టింగ్ వారిని ముందే అడగండి. ముందు రోజు రాత్రి కూపన్ కోడ్‌తో ఒక అసలు ఆర్డర్ పెట్టి, డబ్బు కట్టి, మెసేజ్ వచ్చిందో లేదో చూసి, రద్దు చేసి, డబ్బు వాపసు మొదలైందో కూడా చూసుకోండి. ఆఫర్ నడుస్తుండగా ప్లగిన్ అప్‌డేట్ నొక్కకండి. ఆటోమేటిక్ అప్‌డేట్లు ఆన్‌లో ఉంటే పండగ వారం ఆపేయండి.